ముందు కదిలేదెవరు

తుఫాను వస్తోందని మా ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఆ పొద్దున పిల్లల గుడ్లు పొయ్యి మీద పెట్టి చాపలు పరుస్తుంటే సూపర్‌వైజరు మేడం ఫోన్ చేసింది.

"ఒడ్డున ఉన్న ఇళ్లన్నీ రేపు మధ్యాహ్నానికి ఖాళీ అయిపోవాలమ్మా. నువ్వు గడపగడపకీ తిరిగి చెప్పు. ముసలోళ్లూ, చంటిపిల్లల తల్లులూ ముందు బస్సెక్కాలి."

సరే మేడం అన్నాను. ఫోన్ పెట్టేశాక నా బుర్రలో తిరిగింది తుఫాను కాదు, "ఖాళీ" అన్న మాట.

అంతకు రెండు వారాల ముందు నలుగురు మనుషులు జీపులో వచ్చి మా ఒడ్డంతా కొలిచి వెళ్లారు. మూడు కాళ్ల పరికరం ఇసకలో నిలబెట్టి దాంట్లోంచి మా ఇళ్లకేసి చూశారు. ఎందుకని అడిగితే ఒకడు రోడ్డు కోసమన్నాడు. ఇంకొకడు సముద్రం ఎంత ముందుకొచ్చిందో చూడ్డానికన్నాడు. ఒకే జీపులో వచ్చినవాళ్లు రెండు మాటలు చెప్పేసరికి ఊరంతా మూడోది అనుకుంది. ఏదో కంపెనీ ఇక్కడ జెట్టీ కడుతుంది, మనల్ని లేపేస్తారు అని. వాళ్లు పోతూ పోతూ ప్రతి ఇంటి గోడ మీదా ఎర్ర రంగుతో నంబరు రాశారు. మాకు ముప్పై ఏడు పడింది.

మా ఇల్లంటే నిజానికి రెండిళ్లు. మామగారు కట్టిన పొడుగాటి రేకుల ఇంటికి ఆయన పోయాక మధ్యలో గోడ పెట్టి కొడుకులిద్దరూ పంచుకున్నారు. దక్షిణం సగం మాది, ఉత్తరం సగం మరిదిది. గోడ లోపలుంది కాబట్టి రంగు డబ్బా పట్టుకున్నవాడికి అది కనబడలేదు. రెండు గుమ్మాలకీ మధ్యలో ఒకటే నంబరు వేసి పోయాడు. ఒక నంబరంటే ఒక ఇల్లు. రేపు లేపేసి ఇంకోచోట స్థలమిచ్చినా ఒక్కటే ఇస్తారు. అది ఎవరికి?

ఆ మాట నేనూ పైకి అడగలేదు, మా తోటికోడలూ అడగలేదు. అసలు అప్పటికి ఆరు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆమె నాలుగేళ్ల కూతురు నా దగ్గరికే వచ్చేది. ఒకరోజు ఆ పిల్ల పళ్లెంలో చిన్న గుడ్డు పడింది. గుడ్లన్నీ ఒక్కలా వస్తాయా? "సొంత మరిది కూతురికి సిన్న గుడ్డు ఏరి పెట్టినాది" అని కుళాయి దగ్గర నలుగురి ముందూ అంది. నేనూ ఊరుకోలేదు. మర్నాటి నుంచి పిల్లని పంపడం మానేసింది. పెరట్లో మా రెండిళ్ల మధ్య నడుమెత్తున ఉన్న కొబ్బరాకుల దడిని మనిషెత్తు చేసింది.

మగవాళ్లు ఊళ్లో లేరు. మా ఆయనా, మరిదీ గుజరాత్‌లో వీరావల్‌లో ఒకే బోటు మీద పని చేస్తారు. ఆగస్టులో వెళ్తే మళ్లీ ఎండాకాలానికే రావడం. నా కూతురు రాజాంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో నేనూ, అత్తా. అత్తకి నెలకో ఇంట్లో తిండి. ఆ నెల వంతు నాది.

అత్త గురించి ఒకటి చెప్పాలి. ఆమె నడుముకి ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు తాడుతో కట్టి ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా దాన్ని కళ్లెదురుగా పెట్టుకునే నీళ్లు పోసుకునేది. దాంట్లో ఇంటి పట్టా ఉంది. "నన్ను బాగా సూసినోల్లకే ఈ కాయితం" అని నాతో అనేది. నా తోటికోడలితోనూ అదే మాట అనేదని నాకు తెలుసు. అందుకే నా నెలలో చేపల్లో మంచి ముక్క అత్త పళ్లెంలోకే వెళ్లేది. ఆమె నెలలో ఆమె ఇంట్లోనూ అంతే. అత్త మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ ప్రేమకి ఒక కన్ను ఎప్పుడూ ఆ తాడు ముడి మీదే ఉండేది.

సరే, మేడం చెప్పిందని ఊళ్లోకి బయల్దేరాను. మొదటి ఇంట్లోనే ఎదురు దెబ్బ తగిలింది. వల బాగు చేసుకుంటున్న ఒక ముసలి మావ నా మాట పూర్తిగా విని, దారం కొరికి ఉమ్మేసి అన్నాడు.

"నువ్వు గవర్నమెంటోల్ల మనిసివి. ఆల్లు సెప్పినదే నువ్వు సెప్తావు. ఒక్కటే అడుగుతాను సెప్పు. నువ్వు ఎల్తన్నావా?"

"ఎల్తన్నాను మావా. సర్దుకుంటన్నాను" అన్నాను.

అబద్ధం. నేనింకా ఒక్క చీర కూడా తీసి పక్కన పెట్టలేదు.

వాళ్ల అనుమానం ఊరికే పుట్టింది కాదు. కొన్నేళ్ల కిందట ఇలాగే ఊరంతా ఖాళీ చేయించారు. మేం హైస్కూల్లో రెండ్రోజులు సాంబారన్నం తిని కూర్చుంటే తుఫాను తాపీగా ఒడిశా వైపు తిరిగిపోయింది. తిరిగొచ్చేసరికి ఊళ్లో నాలుగు వలలు లేవు, ఒక బోటింజిను లేదు. మా పెరట్లో రుబ్బురోలు ఉంది, పొత్రం లేదు. పొత్రం ఎవరెత్తుకుపోతారు? అత్త ఆరోజు నుంచీ దడి వైపు చూసి నిట్టూర్చడం నేర్చుకుంది. పొత్రం తోటికోడలే తీసిందని నేనూ నమ్మాను. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను గానీ, నమ్మాను.

బయటి ఊళ్లవాళ్లు అడుగుతుంటారు, తుఫానొస్తోందని తెలిసి కూడా వెళ్లకుండా ఉంటారేమిటి ఈ మత్స్యకారులు, ప్రాణం మీద తీపి లేదా అని. ఉంటుంది. ఆ తీపి మాకు తక్కువేం కాదు. కానీ తుఫాను ఒక్కటే రాదు. దాని వెనకాల జీపు వస్తుందేమో, పక్కింటివాడి చెయ్యి వస్తుందేమో అన్న భయం కూడా వస్తుంది. ఏ భయం పెద్దదో ఆకాశం నీలంగా ఉన్నప్పుడు తేల్చుకోవాలి. అదీ కష్టం.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. టీవీలో చూశాడట.

"తమ్ముడి పెల్లాం ఎల్తందా?" అన్నాడు ముందుగా.

"ఏమో. మూటలేవీ కట్టినట్టు లేదు."

"అయితే నువ్వూ తొందరపడకు. అది కదిలినాక కదులు. అమ్మని మాత్రం దాని సేతికి ఒగ్గకు."

వెనకాల మరిది గొంతు వినబడుతోంది. అదే గదిలో ఇంకో మూల కూర్చుని తనూ ఫోన్లో గుసగుసగా మాట్లాడుతున్నాడు. ఎవరితోనో నాకు తెలుసు. ఏం చెబుతున్నాడో కూడా వినక్కర్లేదు.

మర్నాడు పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గాలి లేదు. సముద్రం పెద్దగా చప్పుడు కూడా చేయడం లేదు. అది చూసి ఊళ్లో అనుమానం ఇంకా ముదిరింది. "ఇదేటి తుఫాను? ఆకు కూడా కదల్లేదు" అని ఆడవాళ్లు నన్ను చూసి నవ్వారు. ఫోన్లకి మాత్రం గంటకో హెచ్చరిక వస్తోంది, పెద్ద చప్పుడుతో. మైకు కట్టిన ఆటో ఒకటి తిరుగుతోంది.

పది గంటలకి బస్సుతో పాటు వీఆర్వో వచ్చాడు. బస్సు మెట్ల దగ్గర బల్ల వేసుకుని, ఎక్కే ప్రతివాళ్ల చేతా రిజిస్టరులో సంతకమో వేలిముద్రో వేయించుకుంటున్నాడు. అంతే. అయిదు నిమిషాల్లో మాట ఊరంతా పాకిపోయింది. ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇల్లు వదిలేసుకున్నట్టేనట.

నన్ను ముందుకు తోశారు. "నువ్వు సదువుకున్నదానివి గదా, ఏటి రాసుందో సూసి సెప్పు."

వీఆర్వోని అడిగి రిజిస్టరు తిప్పి చూశాను. పేరు, వయసు, ఎంతమంది. అంతవరకు బాగానే ఉంది. చివర్న ఇంకో గడి ఉంది. ఇంటి నంబరు. దాంట్లో రాసినవి పంచాయతీ నంబర్లు కావు. గోడల మీద ఉన్న ఎర్ర నంబర్లే.

"ఈ నంబరెందుకు సార్?" అన్నాను.

"ఏదో ఒకటి రాయాలి కదమ్మా. గోడ మీద కనబడింది, రాస్తున్నాం" అన్నాడు. చెమట తుడుచుకుంటున్నాడు. పాపం, అలిసిపోయి ఉన్నాడు. నిజమే చెబుతుండవచ్చు. ఆ మాట నాకు ఇవాళ తోస్తోంది గానీ, ఆవేళ తోచలేదు.

నేను వెనక్కి తిరిగి జనంతో ఏం చెప్పాలి? "ఏం లేదు, మామూలు కాగితమే" అన్నాను. నా గొంతులో ఏదో తేడా వాళ్లకి వినబడే ఉంటుంది. ఎక్కుదామని వచ్చినవాళ్లలో ముగ్గురు వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాగుండదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి దడి సందులోంచి చూశాను. నా తోటికోడలి తల్లి పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చింది. ఒక పెద్ద మూటనీ, పిల్లనీ ఎక్కించుకుంది. ఆటో వెళ్లిపోయింది. తోటికోడలు మాత్రం గుమ్మంలోనే నిలబడింది. లోపలికెళ్లి కత్తిపీట తెచ్చుకుని చేపలు తోమడం మొదలుపెట్టింది.

పిల్లని పంపేసి తనెందుకు ఉండిపోయింది? మూటలో ఏముంది? నాకు ఒకటే జవాబు తోచింది. మేం వెళ్లాక ఇల్లంతా తనదే. ఎవరు వచ్చి అడిగినా ముప్పై ఏడో నంబరు మాదే అంటుంది. మనిషి ఉన్న ఇల్లు మనిషిదే అవుతుంది.

అన్నం వడ్డిస్తూ అత్తతో అన్నాను. "అత్తా, మనం ఎల్దామా వద్దా?"

"అది ఎల్తే మనం ఎల్దాం" అంది అత్త. చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టింది. కవరు మీద చెయ్యి వేసి ఒకసారి తడుముకుంది.

రెండు దాటాక వెలుగు మారింది. ఎండ ఉంది గానీ పసుపు నీళ్లు కలిపినట్టుంది. తూర్పున ఆకాశం అడుగు నల్లబడింది. మూడింటికి గాలి మొదలైంది. మామూలుగా మాకు అలవాటైన గాలి కాదు, ఆగి ఆగి కొడుతోంది. పొద్దున నన్ను చూసి నవ్విన ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికి పరిగెడుతున్నారు. పడవలని మగవాళ్లు తాళ్లతో రోడ్డు దాకా లాగుతున్నారు. రెండో బస్సు వచ్చి కిటికీల దాకా నిండి వెళ్లిపోయింది. ఆ బస్సెక్కించడానికి చివరి వీధి దాకా వెళ్లి ఇద్దరు ముసలమ్మల్ని చేతులు పట్టుకుని తీసుకొచ్చాను. వాళ్లని ఎక్కించి ఇంటికొచ్చేసరికి మా గుమ్మం బార్లా తీసి ఉంది. అత్త లేదు.

పెరట్లో లేదు. దొడ్డి వైపు లేదు. చెప్పులు లేవు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడుందో వెతకాలని కాదు, ఎవరు తీసుకెళ్లారో నాకు తెలిసిపోయిందని. ఆరు నెలల తర్వాత మొదటిసారి వాళ్ల గుమ్మం తొక్కాను.

"అత్తనేం సేసినావే?" అన్నాను.

తోటికోడలు లోపల పెట్టె ముందు కూర్చుని ఉంది. లేచి నిలబడింది. "నన్నడుగుతావేటి? నీ వంతు గదా ఈ నెల. నువ్వే బస్సెక్కించీసి, ఇప్పుడు నా మీదికొస్తన్నావు. ఏ కాయితం మీద ముద్ర ఏయించినావు?"

"నేనెందుకు ఏయిస్తాను? పిల్లని అంపీసి ఇల్లు కాసుకుని కూకున్నది నువ్వు!"

"నువ్వెల్తే నానూ ఎల్దునని పొద్దున్నుంచీ సూస్తన్నాను! నువ్వు కదల్లేదు. నాను ఎల్లిపోతే గవర్నమెంటోల్లతో మాటాడి ఇల్లంతా నీ పేర రాయించుకుంటావు గదా. ఆ రిజిస్టరు తిప్పి తిప్పి సూసినావు. నాను సూల్లేదనుకున్నావేటి?"

నేను ఏదో అనబోయాను. పైన రేకు ఒకటి టపటపా కొట్టుకుంది. ఇద్దరం పైకి చూశాం. మళ్లీ ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె మొహంలో అబద్ధం ఉందా అని వెతికాను. ఆమె కూడా నా మొహంలో అదే వెతుకుతోంది. ముందు ఆమే అంది.

"నీ కాడ నేదా?"

"లేదు."

"నా కాడా నేదు."

అప్పుడు కదిలాం ఇద్దరం. ఆమె సరుగుడు తోట వైపు, నేను రోడ్డు వైపు. గాలికి ఇసక మొహం మీద సూదుల్లా గుచ్చుకుంటోంది. పేరు పెట్టి పిలిచే మనిషి కాదు కదా, "అత్తా, అత్తా" అని అరుస్తున్నాను. ఆ గాలికి నా అరుపు నాకే వినబడలేదు. కాసేపటికి తోట చివర్నించి తోటికోడలు చెయ్యి ఊపడం కనబడింది.

అత్త ఒడ్డున ఉంది. తోట చివర పడి ఉన్న పాత తెప్ప దుంగ మీద కూర్చుని ఉంది. నురగ ఆమె పాదాల దాకా వచ్చి పోతోంది. సముద్రం మట్టి రంగులో ఉంది. మేం పరిగెత్తుకొచ్చినా ఆమె లేవలేదు.

"మీరిద్దరూ ఎల్లండి. రెండో బస్సు ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోయింది."

"అది ఎల్లిపోవాలనే ఇక్కడ కూకున్నాను. ఇంటికాడుంటే నన్ను ఎక్కించీసేవోల్లు. ఇంక నాను ఇంటికెల్తాను. మనిసున్న ఇల్లుని ఎవుడూ లేపలేడు."

"అత్తా, ఇల్లే ఉండదు ఈ గాలికి" అన్నాను.

"ఉండకపోతే సోటు ఉంటాది. సోట్లో నానుంటాను."

ఇంక మాట్లాడి లాభం లేదని తోటికోడలు వంగి అత్తని వీపు మీదికెత్తుకుంది. నాకంటే బలమైన మనిషి ఆమె, రోజూ చేపల తట్టెత్తి నడిచే మనిషి. అత్త తిట్టింది, వీపు మీద గుద్దింది. తోటికోడలి చేతులు వెనక్కి, అత్త నడుం దగ్గర ఉన్నాయి. సరిగ్గా కవరు దగ్గర. నేను చెప్పడానికి సిగ్గుపడుతున్నాను గానీ చెబుతాను. అంత గాలిలో, వెనకాల సముద్రం పొంగుతుంటే, నేను అటువైపుకి వెళ్లి నా చెయ్యి కూడా ఆ కవరు మీద వేసి నడిచాను. తోటికోడలు పక్కకి తిరిగి నా చేతిని చూసింది.  కొంచెం గట్టిగా పట్టుకుంది.

బస్సులు లేవు. రోడ్డు మీద వలలు వేసుకుని వెళ్తున్న ట్రాక్టరు ఒకటి ఆగింది. వలల మీద కూర్చున్నాం ముగ్గురం. శ్రీకూర్మం వైపు రోడ్డెక్కేసరికి వాన అడ్డంగా కొట్టడం మొదలైంది. రెండు చెట్లు అప్పుడే రోడ్డు మీద పడ్డాయి, మగవాళ్లు దిగి పక్కకి లాగారు. చీకటి పడకముందే హైస్కూలు చేరాం. నా తోటికోడలి తల్లీ, పిల్లా అక్కడే ఉన్నారు, వాళ్ల ఊరూ ఖాళీ చేయించారట. పిల్ల నన్ను చూసి "టీచరు పెద్దమ్మా" అంటూ వచ్చి నా తడి చీర పట్టుకుంది. వాళ్లమ్మ లాగేస్తుందేమోనని చూశాను. లాగలేదు.

తుఫాను తెల్లవారుజామున దాటింది. ఆ హోరు గురించి ఎంత రాసినా చాలదు, అందుకే రాయను. 

తెల్లారాక గాలి తగ్గింది. వరండాలో అత్త వణుకుతూ కూర్చుంది. ఎవరో పొడి చీర ఇచ్చారు. మార్చుకోమంటే కవరు విప్పడానికి ఒప్పుకోదు. కవరు మూల చిరిగి నీళ్లు లోపలికి వెళ్లడం మా ఇద్దరికీ కనబడుతోంది.

"కాయితం తడిసిపోనాది అత్తా. తీసి ఆరబెట్టకపోతే ముద్దయిపోద్ది" అంది తోటికోడలు.

"నేను ముట్టుకోను. నువ్వే తీసి నువ్వే పట్టుకో" అన్నాను.

అత్త మా ఇద్దర్నీ చాలాసేపు చూసింది. ఆఖరికి ముడి విప్పింది. నాలుగు మడతల పాత కాగితం, మడతల దగ్గర అద్దంలా పల్చబడిపోయింది. తోటికోడలికి చదువు రాదు. "సదువు అప్పా" అంది. అప్ప అంటే మావైపు అక్క. నన్నలా పిలిచి ఎన్నాళ్లయిందో.

చదివాను. మామగారి పేరు. ఊరి పేరు దగ్గర ఆగాను. మా ఊరి పేరే, కానీ ముందు "పాత" అని ఉంది. హద్దులు చదివాను. తూర్పున రోడ్డు, రోడ్డుకి అవతల బడి. మా ఇంటికి తూర్పున రోడ్డెక్కడుంది? బడెక్కడుంది? ఇసకా, సముద్రమూ తప్ప ఏమీ లేదు.

"అత్తా, ఇది మన ఇంటిది కాదు."

"కాదు" అంది అత్త. "నాను కోడలిగా వొచ్చిన ఇల్లు అది. సంద్రం పట్టుకుపోనాది. ఊరు ఊరంతా పోనాది. మీ మావ ఇవతలికొచ్చి ఖాళీ ఇసకలో ఇప్పుడున్న ఇల్లు కట్టినాడు. దీనికి కాయితం ఎవుడిచ్చినాడు? ఎవుడూ ఇవ్వనేదు."

"మరి ఇన్నాళ్లూ..."

"కాయితం నేదని తెలిస్తే మీరు నన్ను సూస్తారేటి?" అంది. గొంతు పెంచలేదు. పొడి చీర కొంగు తల మీద కప్పుకుంది. "కాయితం నేని ఇల్లు. ఒగ్గీసి ఎలా వొస్తాను? ఆల్లు ఎర్ర నంబరు రాసిన కాడ్నుంచీ నాకు నిద్దర నేదు."

 తోటికోడలు నా వైపు జరిగి, నెమ్మదిగా, అత్తకి వినబడకుండా అడిగింది. "నిజంగా అలాగే రాసున్నాదా? మళ్లీ సదువు." వేలు పెట్టి ఒక్కో మాటా మళ్లీ చదివాను. ఆమె నా వేలునే చూస్తూ కూర్చుంది. చదవడం అయ్యాక ఒక్కసారిగా నవ్వింది. అది ఏడుపో నవ్వో తెలియని నవ్వు. "ఎన్ని మంచి ముక్కలు పెట్టినాను!" అంది. నాకూ కోపమే వచ్చింది. అత్త మీదా, నా మీదా. ఆ తర్వాత భయం కూడా వచ్చింది. ఇప్పుడీ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఎవరు ఎవరికి ముందు చెబుతారు?

రెండో రోజు ఊరికి తిరిగెళ్లాం. మనుషులెవరూ పోలేదు. వెళ్లకుండా ఉండిపోయినవాళ్లు గుడి మండపంలో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని గడిపారట. తుఫాను నాడు బస్సు దగ్గర నా మాట విని వెనక్కి తిరిగిన ముగ్గురిలో ఒకావిడకి రేకు కోసుకుని చెయ్యంతా కట్టు ఉంది.  నేను ఆమెకి రోజూ కట్టు మార్చాను, చెయ్యి మానేదాకా. అయినా రిజిస్టరు చూసి నాకూ అనుమానం వచ్చిందన్న నిజం ఆమె దగ్గర ఒప్పుకోలేదు.

మా దక్షిణం సగానికి కప్పు లేదు, సముద్రం వైపు గోడ కూలింది. తోటికోడలి వైపు రేకులు పగిలాయి గానీ గోడలు నిలబడ్డాయి. అత్త చెప్పాపెట్టకుండా తన మూట తీసుకుని అటు వెళ్లి కూర్చుంది.

"నా వంతు ఇంకా నాలుగు రోజులుంది" అన్నాను.

"కప్పు నేని ఇంట్లో వంతేటి అప్పా. నువ్వు కూడా ఇటే రా. సిన్న గుడ్డు పెడతాను" అంది తోటికోడలు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కానీ వెళ్లాను.

వారం తర్వాత వీఆర్వో నష్టం రాసుకోవడానికి వచ్చాడు. పట్టా ఏదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తోటికోడలు అంది. "తుఫానులో పోనాది బావూ."

ఆయన నావైపు తిరిగాడు. "టీచరమ్మా, నిజమేనా?"

నేను సర్కారు జీతం తీసుకునే మనిషిని. కాగితం అత్త నడుముకే ఉంది, ఆరబెట్టి, కొత్త కవరులో. అత్త నేల చూస్తోంది. "నిజమే సార్. తడిసి ముక్కలైపోయింది" అన్నాను. ఆయన రాసుకున్నాడు. "రెండిళ్లు రాయండి. మధ్యలో గోడ చూడండి" అన్నాను. మా గోడ కూలడంతో ఆ మధ్య గోడ ఇప్పుడు బయటికే కనబడుతోంది. ఆయన చూశాడు. రెండు పేర్లు రాశాడు.

కొలిచినవాళ్లు ఎందుకు కొలిచారో మాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. జెట్టీ రాలేదు, రోడ్డూ రాలేదు. ఎండాకాలం అన్నదమ్ములిద్దరూ వచ్చాక అత్తే వాళ్లకి నిజం చెప్పింది.  మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇద్దరి పేర్లతో పట్టా కావాలని అర్జీ పెట్టాం. పని కదలక తహసీల్దారు ఆఫీసుకి ఇప్పటికి చాలాసార్లు తిరిగాం. వెళ్లిన ప్రతిసారీ తోటికోడలు నాతో వస్తుంది. తోడు కోసం కాదు, నేనెక్కడ సంతకం పెడతానో చూడ్డానికి. మొన్న కూడా కొత్త అర్జీ నేనే రాశాను, ఆమెకి చదివి వినిపించాను. తలూపింది. ఆఫీసు మెట్లెక్కే ముందు కాగితం నా చేతిలోంచి తీసుకుని, "ఒక్క నిమిసం అప్పా" అని రోడ్డు దాటి జిరాక్సు షాపు దగ్గరికెళ్లింది. అక్కడున్న అమ్మాయి చేత మొదటి నుంచి చివరి దాకా చదివించుకుంది. నేను ఎండలో నిలబడి చూస్తున్నాను. నాకేమీ కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ చదివించుకునేదాన్ని. తిరిగొచ్చి కాగితం నా చేతికిచ్చి, "సరిగానే రాసినావు. పద" అంది.